బెస్ట్ పిచర్ కప్పులో ఆవాలు

పోర్టు క్వార్టర్స్ ఖాళీ చేసి గోపాలపట్నంలో కట్టుకున్న ఇంటికి మారేటప్పుడు, వంటింటి సామాను గోనెసంచుల్లో సర్దే పని నాకు పడింది. మాట్లాడాల్సిన పనులన్నీ మిగతావాళ్లు పంచుకున్నాక మిగిలేవి మా ఇంట్లో నాకే పడతాయి. లారీవాడితో తగువు అన్నయ్య తీసుకున్నాడు. ఇరుగుపొరుగుల దగ్గర కళ్లు ఒత్తుకోవడం అమ్మ తీసుకుంది. కొత్తగా వచ్చిన వదిన అప్పటికి పుట్టింట్లో ఉంది. ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పే పనికి నాన్న ఉండనే ఉన్నాడు. నోరులేని సామానూ నేనూ వంటింట్లో మిగిలాం. పొయ్యి పక్క గూట్లో కింది అరలో, ఉప్పు జాడీకీ చింతపండు కుండకీ మధ్య, రెండు చెవుల కప్పు ఒకటి ఉంది. ఒక చెవి వంకర. పైన వెండి రంగు ఎప్పుడో పోయి, లోపలి లోహం ఏమిటో అదే తేల్చుకోలేకపోతున్నట్టు మచ్చలు మచ్చలుగా ఉంది. పొట్ట మీద ఇంగ్లీషులో 'బెస్ట్ పిచర్' అని చెక్కారు. మసి పట్టి ఇప్పుడు 'బెస్ట్' ఒక్కటే కనిపిస్తుంది. దేనిలో బెస్టో అడిగేవాళ్లు లేరు కాబట్టి ఇబ్బంది లేదు. లోపల సగానికి పైగా ఆవాలు.

కప్పు దొరికింది అని రాయాలనిపించింది కానీ, అది ఎప్పుడూ పోలేదు. పదో తరగతిలో నేను దాన్ని గెలిచిన వారంలోనే మా మామ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, దాన్ని చేత్తో తూచి, వెడల్పాటి మూతి చూసి, ఆవాలు పోసేసింది. మామ్మ పోయాక అమ్మ కూడా అలాగే ఉంచింది. కప్పులు గెలిచిన ఇళ్లల్లో అవి అద్దాల బీరువాల్లో ఉంటాయట. వాటికి చేసే పనేం ఉండదు. మా కప్పు మాత్రం ఇన్నేళ్లూ రోజూ డ్యూటీ చేసింది.

అది గెలిచింది నేనా అన్న సందేహం అప్పుడూ ఉంది. ఆ సందేహం మీద మా ఇంట్లో రెండు పూటల భోజనాలు పాడయ్యాయి. సామాను సర్దుతూ అదే గుర్తొచ్చింది.

ఆ రోజుల్లో మా క్వార్టర్స్‌లో తెల్ల బట్టలు ఉండేవి కావు. కొన్నప్పుడు తెల్లగానే ఉండేవి. ఓడల్లోకి ఎత్తే ఇనుప ఖనిజం గుట్టల మీద నుంచి గాలి వీస్తే, ఎర్రటి మెత్తటి దుమ్ము కిటికీ రెక్కల మీదా, తులసికోట మీదా, దండెం మీద ఆరేసిన నాన్న పంచెల మీదా సమానంగా వాలేది. దేశానికి విదేశీ మారకం తెస్తున్న దుమ్మని నాన్న గౌరవంగా చెప్పేవాడు; ఆ మారకంలో మా వాటా ఆ దుమ్మే. కంచం కడిగి బోర్లిస్తే సరిపోదు, వడ్డించే ముందు మళ్లీ తుడవాలి. అమ్మ భుజం మీద ఎప్పుడూ ఒక గుడ్డ ఉండేది, తుడవడానికి. గాలి అటు తిరిగితే ఫిషింగ్ హార్బరు నుంచి ఎండుచేపల వాసన, ఇటు తిరిగితే రిఫైనరీ నుంచి కుళ్లిన గుడ్ల వాసన. రెండూ లేని రోజున మామ్మ అరుగు మీద కూర్చుని ముక్కు ఎగబీల్చి, 'ఏటో తేడాగున్నాది, వాన పడతాదేమో' అనేది.

నాన్నది పోర్టులో ఖనిజం ఎత్తే చోట షిఫ్టు డ్యూటీ. వారానికో షిఫ్టు. ఏ షిఫ్టయినా ఇంటికి వచ్చేసరికి ఆయనకి ముక్కల పులుసు ఉండాలి. ఆనపకాయ, ములక్కాడ, బెండకాయ, వంకాయ, చిలగడదుంప, ఏది చవగ్గా దొరికితే అది. అమ్మ తెల్లారే చింతపండు నానబెట్టేది. ముక్కలు తరిగేది, దేని తరవాత ఏది వేయాలో చూసుకుంటూ ఒక్కొక్కటే వేసేది, బెల్లం చిదిపి కలిపేది, పిండి జారుగా కలిపి పోసేది, అడుగంటకుండా తిప్పుతూ నిలబడేది. పొయ్యి ఊదడం కూడా పులుసులో భాగమే. ఇదంతా అయ్యాక మామ్మ వచ్చేది. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, నాన్న పీట మీద కూర్చున్నాడని తెలిశాక, నెమ్మదిగా వచ్చేది. ఇనప గరిటెలో నువ్వులనూనె, ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ. గరిటె నిప్పుల మీద పెట్టి, ఆవాలు చిటపటలాడగానే పులుసులో ముంచేది. సుయ్యిమని చప్పుడు వీధిలోకి వినబడేది, వాసన పక్క క్వార్టర్ దాకా పోయేది. పోపు పెట్టడం మా ఇళ్లల్లో పెద్దావిడ హక్కు. మామ్మకి వాళ్ల అత్తగారి దగ్గర్నుంచి వచ్చింది. ఆవిడ బతికుండగా మామ్మ పోపు గరిటె ముట్టుకోలేదట.

నాన్న మొదటి ముద్ద తిని, కళ్లు మూసుకుని, 'అమ్మ సేతి పులుసే పులుసు' అనేవాడు. చుట్టాలొచ్చినా అదే మాట. అమ్మ భుజం మీది గుడ్డతో చేతులు తుడుచుకుంటూ రెండోసారి వడ్డించేది. అది అందరికీ ఎంత సహజంగా ఉండేదంటే, పులుసు పొద్దున్నించీ వంటింట్లో తనంతట తానే ఉడికి మామ్మ కోసం ఎదురుచూస్తోందని నేను కూడా చాలా ఏళ్లు అనుకున్నాను.

ఇక సాఫ్ట్‌బాల్. తెలియనివాళ్లకి చెప్పాలంటే, అది క్రికెట్‌కి దూరపు చుట్టం. వికెట్లుండవు. రోకలి లాంటి బ్యాటు. బంతి వేసే అమ్మాయిని పిచర్ అంటారు. చెయ్యి కిందినుంచి ఊపి వేయాలి. మూడుసార్లు బ్యాటు గాల్లో ఊపితే ఆడే పిల్ల ఔట్. ముగ్గురు ఔటైతే ఒక విడత, ఇలా ఏడు విడతలు. మా బడిలో ఆడపిల్లలు పరిగెత్తడానికి ఇష్టపడరని, ఇష్టపడినా బాగుండదని అందరూ ఒప్పుకున్న కాలంలో పీటీ మేడమ్ ఒకావిడ బదిలీ మీద వచ్చి ఈ ఆట పెట్టింది. ఆట పీరియడ్‌లో నేను నీళ్ల ట్యాంకు వెనక కూర్చుని లైబ్రరీ పుస్తకం చదువుకునేదాన్ని. ఒకరోజు మేడమ్ పట్టుకుని, శిక్షగా బంతి వేయమంది. నేను సిగ్గుతో, ఎవరికీ తగలకూడదన్న ఒక్క కోరికతో, వీలైనంత నెమ్మదిగా వేశాను. ఎదుటి పిల్ల బంతి రాకముందే బ్యాటు ఊపేసి, తన చుట్టూ తనే తిరిగి కూలబడింది. మేడమ్ ముఖం వెలిగింది. అలా నేను క్రీడాకారిణినయ్యాను.

అసలు పిచర్ నూకరత్నం. జాలరిపేట పిల్ల, మా క్లాసే. దాని చెయ్యి చూసినవాళ్లంతా వల లాగి లాగి వచ్చిన బలం అని తేల్చేవారు. అదేం కాదని అది నవ్వేది. సముద్రం ఒడ్డున ఎండబెట్టిన చేపల దగ్గర కాకుల కాపలా దాని చిన్నప్పటి ఉద్యోగం. తాటాకు పందిరి చిన్న నీడలో గొంతుక్కూర్చుని, లేవకుండా, చెయ్యి కిందినుంచి గులకరాయి విసరాలి. లేచి విసిరితే నీడ పోతుంది. కాకి లేవడం ముఖ్యం, చేపకి తగలకూడదు. మేడమ్ ఆ పిల్లకి ఆట నేర్పలేదు, రూల్సు చెప్పిందంతే. నూకరత్నం బంతి వేస్తే క్యాచర్ పిల్ల సాయంత్రం అరచెయ్యి కొబ్బరినూనెలో ముంచుకునేది.

మేడమ్ పథకం ఏమిటంటే, మ్యాచంతా నూకరత్నం వేస్తుంది. అవతలి జట్టు ఆ వేగానికి అలవాటు పడ్డాక, ఆఖరి విడతలో నేను వెళ్లి నా జాలి బంతులు వేస్తాను. వాళ్లు తొందరపడి ఊపుతారు. దీన్ని రిలీఫ్ పిచర్ అంటారని మేడమ్ చెప్పింది. మా ఇంట్లో రిలీఫ్ అంటే తుఫాను వెళ్లాక పంచే బియ్యం. నాన్న మాత్రం వెంటనే అర్థం చేసుకున్నాడు. షిఫ్టు దిగేవాడి చోట ఎక్కేవాడు రిలీవరు. నాన్న రిలీవరు జీవితంలో ఒక్కసారి కూడా వేళకి రాలేదు. నేను వేళకి వెళ్తున్నాను కదా అని నాన్న సంతోషించాడు.

నూకరత్నానికి నా మీద కోపం ఉండేది కాదు, నా బంతి మీద ఉండేది. 'ఒలే పారోతీ, నీ బాలు వచ్చీలోగా నాను ఇంటికెల్లి సేపలు కడిగీసి వచ్చీగలను' అనేది. నేను నవ్వేదాన్ని. జవాబు ఇంటికొచ్చాక డైరీలో రాసుకునేదాన్ని. ఆ జవాబులు చాలా పదునుగా ఉన్నాయని ఇప్పటికీ నా నమ్మకం.

జిల్లా పోటీల ఫైనలు రోజున నూకరత్నం కడుపునొప్పితో ఉంది, ఎవరికీ చెప్పలేదు, అలాగే వేసింది. ఎండ నెత్తిన మొదలైన ఆట పొద్దు వాలేదాకా సాగింది. అతిథుల కోసం తెల్ల గుడ్డ కప్పిన సోఫా ఖాళీగా ఉంది. గాలి దాన్ని నెమ్మదిగా ఎర్రగా చేస్తోంది. ఒకే ఒక్క పరుగు తేడాతో మేం ముందున్నాం. ఆఖరి విడతలో మేడమ్ నన్ను పంపింది. సరిగ్గా అప్పుడే జీపు వచ్చింది. ముఖ్య అతిథి దిగారు. పెద్ద ఆఫీసరు, పేరు నాకు అప్పుడూ తెలియదు. ముఖ్య అతిథులు ఆఖర్న వస్తేనే ముఖ్యమని మా ఊళ్లో ఒక లెక్క. ఆయన సోఫాలో కూర్చుని, కూల్‌డ్రింకు తాగుతూ, చూసింది నన్ను మాత్రమే. ముగ్గురు పిల్లలు నా బంతి రాకముందే ఊపి ఔటయ్యారు. ఆయన గ్లాసు కింద పెట్టి చప్పట్లు కొట్టారు. బహుమతులప్పుడు మేడమ్ చేతిలో ఉన్న కాగితం వైపు చూడకుండా మైకు తీసుకుని, బెస్ట్ పిచర్ ఎవరో తను కళ్లారా చూశానని, ఆ జడ పిల్లని పిలవమని అన్నారు. మా అందరికీ జడలే. కానీ అందరూ నా వైపే చూశారు, ఎవరో ఆయన చెవిలో నా పేరు చెప్పారు.

నా పేరు మైకులో వినడం అదే మొదటిసారి. పెద్ద మనసుతో 'ఇది నాది కాదు' అనాలనిపించిందని రాస్తే బాగుంటుంది. అనిపించలేదు. హాయిగా ఉంది. కప్పు చల్లగా ఉంది.

కొళాయి దగ్గర నూకరత్నం ముఖం కడుక్కుంటోంది. నన్ను చూసి నీళ్లు ఊసి, తుడుచుకోకుండా దగ్గరికి వచ్చింది.

"పారోతీ, కప్పు నువ్వు ఉంచీసుకో. దానితో నాకేటి పని? కాయితం నాకు కావాల."

కప్పుతోపాటు బెస్ట్ పిచర్ సర్టిఫికెట్ అని ఒకటి ఇస్తారు, పేరు రాసి, తరవాత. మహిళా జూనియర్ కాలేజీలో ఆటలవాళ్లకి ఒక సీటుంది. ఆ కాగితం ఉంటే చేర్చుకుంటామని అక్కడి మేడమ్ చెప్పింది. నూకరత్నం మార్కులు బంతి అంత వేగంగా వచ్చేవి కావు. కాగితం లేకపోతే చదువు ఆ ఏటితో సరి. ఇంట్లో దాని కోసం కాకుల కంటే పెద్ద ఉద్యోగాలు కాచుకుని ఉన్నాయి. నాకు మార్కులున్నాయి; ఏ కాలేజీ అయినా చేర్చుకుంటుంది. ఇదంతా దానికీ తెలుసు, నాకూ తెలుసు.

"మాటాడవేటే? నీకు నోరెట్టినాడా దేవుడు, పుస్తకమెట్టినాడా?"

నాకు మాట వచ్చేలోగా అది వెళ్లిపోయింది. నా మాట కూడా నా బంతి లాంటిదే. పీటీ మేడమ్ మాత్రం ఊరుకోలేదు. సోమవారం సాయంత్రం హెడ్‌మిస్ట్రెస్ గారి గదిలో తేల్చాలని పట్టుబట్టింది. పెద్దవాళ్లని తీసుకురమ్మన్నారు.

శనివారమంతా మా అరుగు మీద చర్చ జరిగింది. చర్చించినవాళ్లలో ఎవరూ సాఫ్ట్‌బాల్ చూడలేదు. అందువల్ల అభిప్రాయాలకి అడ్డం లేకపోయింది. పక్క క్వార్టర్ సింహాచలం మావయ్య క్రేను నడుపుతాడు, నాన్నతో బావా అంటే బావా అనుకునే చనువు. ఆయన వచ్చీ రాగానే నూకరత్నం పక్షం తీసుకున్నాడు.

"బావా, ఓడ నింపింది మూడు షిఫ్టులోల్లు. ఆఖర్న తాడిప్పినోడికి దండేస్తావేటి?"

"ఏస్తన్నారు కదేటి ఇన్నాల్లూ," అన్నాడు నాన్న. "నా సర్వీసంతా ఒకలు ఎత్తడం, తాడిప్పినోడు పోటో తీయించుకోడం. ఒక్కపాలి మా గుంట తాడిప్పింది. నీకేటి నొప్పి?"

ఓడ వెళ్లే వేళ తన షిఫ్టు కాని ప్రతిసారీ నాన్న పదిమందికీ వినిపించే అన్యాయం ఇదే. తాడిప్పింది సొంత కూతురు కావడంతో ఇప్పుడు అది న్యాయమైంది. మావయ్య కాసేపు టెస్టు మ్యాచ్‌ల గురించి మాట్లాడి, కొత్త బంతివాడు ఎక్కువా పాత బంతివాడు ఎక్కువా అని దారి మళ్లించాడు. అప్పుడు మామ్మ, గోడకి ఆనుకుని కాళ్లు చాపుకుని వింటున్నదల్లా, తీర్పు చెప్పింది.

"ఆఖర్న సెయ్యెట్టినోలిదేరా పని. నా పోపు నేకపోతే పులుసుకి గేదె కూడా మూతెట్టదు. మరి పులుసెవులిది?"

"అదీ మాట," అన్నాడు నాన్న, తొడ మీద చరుచుకుని. "పులుసు నీదే అమ్మా."

అమ్మ గుమ్మంలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. చేట ఒక్కసారి ఆగింది. మళ్లీ కదిలింది. నేను పుస్తకంలోంచి అది చూశాను. నేను చదువుతున్నాననుకుని మా ఇంట్లోవాళ్లు నా ముందు చాలా జరగనిచ్చేవారు.

ఆదివారం నాన్నకి పొద్దుటి షిఫ్టు. మధ్యాహ్నం ఎర్రటి కనుబొమ్మలతో వచ్చి, స్నానం చేసి, పీట మీద కూర్చున్నాడు. అన్నయ్యా నేనూ కూర్చున్నాం. అన్నం వడ్డన అయింది. మామ్మ బొట్టు పెట్టుకుని వచ్చి, గరిటెలో నూనె పోసి, నిప్పుల మీద పెట్టింది. అమ్మ ఇత్తడి గిన్నె తెచ్చి, మూత కొంచెం పక్కకి జరిపి, మామ్మ ముందు పెట్టి, వెనక్కి వెళ్లి గోడ దగ్గర నిలబడింది. ఆవాలు చిటపటలాడాయి. మామ్మకి చూపు తక్కువ, అలవాటు ఎక్కువ. గరిటె గిన్నెలోకి వంచింది. సుయ్యిమనలేదు. ఎండుమిరపకాయలు ఉత్త ఇత్తడి మీద పడి గలగలమన్నాయి. మామ్మ మూత తీసి, వంగి, గిన్నెలోకి చూసింది. తళతళలాడుతూ తోమిన గిన్నె. అడుగున పోపు.

"ఓలమ్మీ, పులుసేదే?"

"ఆఖర్న సెయ్యెట్టినోలిదే పులుసని మీరే సెప్పినారు కదత్తా," అంది అమ్మ, రోజూ మాట్లాడే గొంతుతోనే. "పోపు పడ్డాది. పులుసు అయిపోయే ఉంటాది, వడ్డించండి."

నాన్న మామ్మ వైపు చూశాడు, అమ్మ వైపు చూశాడు, ఆఖరికి నా వైపు చూశాడు, ఇదంతా నేను నెమ్మదిగా బంతి వేయడం వల్ల వచ్చిందన్నట్టు. తరవాత చెయ్యి చాపి గిన్నెలోంచి ఆవాలూ కరివేపాకూ తీసి అన్నంలో కలుపుకున్నాడు. నాలుగో ముద్దకి వెక్కిళ్లు పట్టుకున్నాయి. అమ్మ మంచినీళ్లు ఇచ్చింది. ఆ రోజు నా డైరీలో ఒకే ఒక్క వాక్యం ఉంది: 'ఇవాళ పులుసు లేదు.' తరవాతి కాలంలో ఎవరైనా చదివితే విశాఖపట్నంలో కరువొచ్చిందనుకుంటారు.

మామ్మ అంత తేలిగ్గా ఓడిపోయే మనిషి కాదు. సోమవారం అమ్మ మామూలుగా ఆనపకాయ, ములక్కాడ వేసి పులుసు కాచింది, నిండుగా, ఘుమఘుమలాడవలసినంతగా. నాన్న కూర్చున్నాడు. మామ్మ రాలేదు. చెయ్యి నొప్పిగా ఉందని, గరిటె లేవదని, పక్కగదిలోంచి కబురు. కబురు తెచ్చింది నేనే. అమ్మ పోపు గరిటె వైపు కూడా చూడలేదు. అది తన పని కాదు, ఇంటి కట్టుబాటు తను తప్పదు. పులుసు అలాగే వడ్డించింది. తియ్యగా, పుల్లగా, మూగగా ఉంది. వాసన లేదు. నాన్న తిన్నాడు. ముక్కలు నమిలి, ములక్కాడ పీల్చి, రెండోసారి పోయించుకుని తిన్నాడు. కళ్లు మూసుకోలేదు, ఎవరి చేతినీ పొగడలేదు. కండువా వేసుకుని నాతో బడికి బయల్దేరాడు. దారిలో ఒకచోట ఆగి త్రేనుస్తూ, ఆలోచనగా పొట్ట మీద చెయ్యి వేసుకున్నాడు.

హెడ్‌మిస్ట్రెస్ గారి గదిలో నూకరత్నం కిటికీ పక్కన నిలబడి ఉంది, వాళ్లమ్మ హార్బరు నుంచి నేరుగా వచ్చి గుమ్మం బయట కూర్చుంది. లోపలికి రమ్మంటే, బట్టలు వాసనొస్తాయని రాలేదు. పీటీ మేడమ్ మొదలుపెట్టింది. టోర్నమెంటంతా ఎవరు వేశారో, ఎంతమందిని ఎవరు ఔట్ చేశారో చెప్పింది. హెడ్‌మిస్ట్రెస్ గారికి అదంతా తెలుసు. ఆవిడ ఇబ్బంది వేరు. ముఖ్య అతిథి గారు మైకులో అనేశారు, మైకులో అన్నది వెనక్కి తీసుకుంటే ఆయన మళ్లీ మన బడికి వస్తారా అని. వస్తే ఈసారి మొదటినుంచి రమ్మందామని పీటీ మేడమ్ అంది. ఆఖరికి హెడ్‌మిస్ట్రెస్ గారు నాన్న వైపు తిరిగి, అమ్మాయి తండ్రిగా ఆయన ఏమంటారో చెప్పమన్నారు.

నాన్న లేచి నిలబడ్డాడు. శనివారం అరుగు మీద సిద్ధం చేసుకున్న ఉపన్యాసం నాకు తెలుసు. ఓడలు, దండలు, తాళ్లు అన్నీ ఉన్నాయి అందులో. నూకరత్నం నావైపు చూడటం లేదు, కిటికీ ఊచలు పట్టుకుని గ్రౌండు వైపు చూస్తోంది.

"ఏటి సెప్పమంటారండీ," అన్నాడు నాన్న. "మా ఇంటికాడ పులుసు ఒకలు కాస్తారు, పోపు ఒకలు ఎడతారు. రెండూ కలిపి తిన్నన్నాల్లూ నాకు తేడా తెలవనేదు. ఈ రెండ్రోజులూ యిడియిడిగా తిన్నానండి. నిన్న ఉత్త పోపు, ఇయాల ఉత్త పులుసు. పోపు బావుంటాదండి, కాదన్ను. కానీ ఉత్త పులుసుకి కడుపు నిండుద్ది. ఉత్త పోపుకి ఎక్కిల్లొస్తాయి. కాయితం ఆ గుంటకి రాయండి."

పీటీ మేడమ్ తెల్లబోయింది. హెడ్‌మిస్ట్రెస్ గారు మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, చాలాసేపు తుడుచుకున్నారు. ఆవిడకీ ఇంట్లో అత్తగారున్నారని తరవాత తెలిసింది. సర్టిఫికెట్ నూకరత్నం పేరున రాశారు. కప్పు మైకులో ప్రకటించింది కాబట్టి నా దగ్గరే ఉంచారు. ముఖ్య అతిథి గారి మర్యాద ఆ విధంగా రేకు రూపంలో దక్కింది. బయటికి వచ్చాక నూకరత్నం కాగితం జాగ్రత్తగా పుస్తకంలో పెట్టుకుని, నన్ను మోచేత్తో పొడిచి, "మీ నాన్నకి నోరుందే. నీకే రానేదు" అంది.

ఇంట్లో ఎవరూ రాజీపడినట్టు కనిపించలేదు. మంగళవారం పులుసూ ఉంది, పోపూ పడింది. నాన్న మొదటి ముద్ద తిని, నోరు తెరిచి, ఇటూ అటూ చూసి, 'బావున్నాది' అని ఊరుకున్నాడు. ఎవరి చేతిదో చెప్పడం ఆ రోజునించి మానేశాడు. మామ్మ పోయాక కూడా అనలేదు. ఆ కప్పులో ఆవాలు పోసింది కూడా ఆ మంగళవారమే.

ఇప్పుడు గోపాలపట్నంలో ఖనిజం దుమ్ము లేదు. రోడ్డు మీద లారీల పొగ ఉంది, నల్లగా ఉంటుంది కాబట్టి తెల్ల బట్టల మీద ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అప్పట్లో మా నాన్న 'అదుగో అక్కడే స్టీల్‌ప్లాంట్ వస్తాది' అని చూపించినప్పుడు కంచె, ఒక బోర్డు, మేకలు కనిపించేవి. ఇప్పుడు అన్నయ్యకి అందులోనే ఉద్యోగం, షిఫ్టుకి రిలీవరు రాలేదని ఇంటికొచ్చి తిడతాడు. రేడియోలో ఒకరోజు క్రికెట్ వస్తుంది, ఆఖరి ఓవరు వేసినవాడికి బహుమతి ఇస్తారు, మొదటి ఓవరు వేసినవాడిని వీధిలో కూడా గుర్తుపట్టరు. లోకం ఆఖర్న వచ్చిన ముఖ్య అతిథి పక్షాన నిలబడిందని నాకు అనిపిస్తుంది. నేను లైబ్రరీలో పనిచేస్తున్నాను. అక్కడ మాట్లాడవద్దని గోడ మీద రాసి ఉంటుంది. నేనే రాయించుకున్నంత హాయిగా ఉంటుంది.

కొత్తింట్లోకి వచ్చిన మొదటి ఆదివారం నూకరత్నాన్ని భోజనానికి పిలిచాం. ద్వారకా నగర్ దగ్గర ఒక బడిలో అది ఇప్పుడు పీటీ మేడమ్. మెడలో ఈల, చేతికి పెద్ద గడియారం. ఇల్లంతా తిరిగి చూసి, గూట్లో కప్పు చూసి, పగలబడి నవ్వి, "దీనికి ఉద్యోగం పర్మనెంటు అయిపోనాదన్నమాట" అంది. అందరం కూర్చున్నాం, బల్ల మీద. పీటలు క్వార్టర్స్‌లోనే వదిలేశాం. వదిన, అంటే అన్నయ్య భార్య, పెళ్లయి వచ్చి ఏడాది కాలేదు. పొద్దున్నించీ గ్యాసుపొయ్యి దగ్గర నిలబడి పులుసు కాచింది. దేని తరవాత ఏది వేయాలో అమ్మని అడిగి అడిగి వేసింది. పులుసు గిన్నె బల్ల మీదికి తెచ్చి, మూత పెట్టి, భుజం మీది తువ్వాలుతో చేతులు తుడుచుకుంది.

అప్పుడు అమ్మ వచ్చింది. స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, నాన్న కుర్చీలో కూర్చున్నాడని తెలిశాక, నెమ్మదిగా వచ్చింది. కప్పులోంచి ఆవాలు తీసి, మామ్మ ఇనప గరిటెలో వేసి, వేయించి, గిన్నె మూత తీసి ముంచింది. సుయ్యిమంది. గోపాలపట్నంలో కూడా ఆ వాసన పక్కింటికి పోతుందని తెలిసింది. నాన్నకి ఇన్నేళ్ల జాగ్రత్త ఆ ఒక్క ముద్దతో కరిగిపోయింది. కళ్లు మూసుకుని, "అచ్చు మా అమ్మ సేతి పులుసే. ఈవిడికొచ్చీసింది ఆ సెయ్యి" అన్నాడు. అమ్మ కాదనలేదు. కొంగు సవరించుకుంది. వదిన నాన్నకి రెండోసారి వడ్డించింది.

నూకరత్నం తినడం ఆపింది. గిన్నె వైపు చూసి, గరిటె వైపు చూసి, నేరుగా నా ముఖంలోకి చూసింది.

"పులుసెవులు కాసినారే?"

నాన్న కళ్లు తెరిచాడు. అమ్మ కప్పు మీద మూతగా వేసే సాసరు సర్దుతోంది, చాలా శ్రద్ధగా. పూర్వం లాగే ఈ జవాబు కూడా డైరీలోకి వెళ్తుందని అందరికంటే ముందు నేనే అనుకున్నాను.

"వదిన," అన్నాను.

అమ్మ గరిటె కడగడానికి వంటింట్లోకి వెళ్లింది. మర్నాడు అమ్మకి చెయ్యి నొప్పి చేసింది, గరిటె లేవలేదు, పులుసులో పోపు పడలేదు. నాన్న ఆ పులుసు రెండోసారి పోయించుకుని, ఎవరి వైపూ చూడకుండా, కడుపు నిండా తిన్నాడు.